అమ్మ ఇంటి తాళంచెవులు

వీపీఎన్ అన్న మాటకి నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. మావారికి అది పొద్దున్నే ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తగిలించుకోవాల్సిన, సరిగ్గా మీటింగు మధ్యలో తెగిపోయే ఒక తద్దినం. మావాడికి హాస్టల్ వైఫైలో మూసేసిన సైట్లు తెరుచుకునే ఉపాయం. పక్కింటి వదినగారికేమో ఫోన్లో వేసుకుంటే దొంగలెవరూ దగ్గరికి రాని రక్షరేకు. నాకు మాత్రం అది హైదరాబాదులోని మా ఇంటి నుంచి తెనాలిలోని మా అమ్మ ఇంటికి వేసుకున్న దారి. బీఏ తెలుగు చదివి, ఇరవై రెండేళ్ళుగా ఇల్లు చూసుకుంటున్న నేను ఆ దారిని లైనక్స్‌లో స్వయంగా వేశానని చెబితే నమ్మని వాళ్ళు ఉన్నారు కాబట్టి, ఎందుకు వేశానో, ఎలా వేశానో వివరంగా రాస్తున్నాను.

అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. నాన్నగారు పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నా దగ్గరికి రమ్మంటే పండగలకి వస్తుంది, నాలుగో రోజుకి బ్యాగు సర్దుకుంటుంది. పోయిన వానాకాలం దొడ్లో మెట్టు మీద జారిపడింది. పాలబ్బాయి వచ్చి చూసేదాకా అరగంట అలాగే కూర్చుని ఉందట. ఎముకలేం విరగలేదు గానీ, ఆ అరగంట మా అందరి గుండెల్లో ఉండిపోయింది. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఆ రాత్రే ఫోన్ చేసి, ఇల్లంతా కెమెరాలు పెట్టించెయ్యి, డబ్బులు నేను పంపుతాను అన్నాడు.

అమ్మకి చెబితే వెంటనే వద్దనలేదు. "ఆ బొమ్మ ఎక్కడికి పోతుందే? ఎవరెవరు చూస్తారు?" అని అడిగింది.

దుకాణంలో అడిగాను. మామూలుగా అమ్మే కెమెరాల్లో చాలావాటి సంగతి ఇంతే. బొమ్మ ముందు కెమెరా కంపెనీ కంప్యూటర్లకి పోతుంది. అక్కడి నుంచి మన ఫోనుకి వస్తుంది. ఖాతా తెరవాలి, షరతులన్నిటికీ ఒప్పుకోవాలి. అదే మాట అమ్మకి చెప్పాను. "వేసవిలో నేను జాకెట్టు లేకుండా చీర చుట్టుకుని తిరుగుతాను. తలంటుకుని వసారాలో జుట్టు ఆరబెట్టుకుంటాను. నా ఇంట్లో నేనెలా ఉంటే ఎవరికి? మీరిద్దరూ చూస్తే చూడండి, నా కడుపున పుట్టినవాళ్ళు. ఊరూ పేరూ తెలియనివాళ్ళ దగ్గరికి నా బొమ్మ పోవడానికి వీల్లేదు" అంది. ఇందులో నాకు కాదనడానికి ఏమీ కనబడలేదు.

మావాడు బీటెక్ మూడో ఏడు. వాడికి ఫోన్ చేసి, బొమ్మ ఎవరి చేతా పడకుండా మా దగ్గరికి మాత్రమే వచ్చే మార్గం ఉందా అని అడిగాను. "ఉందమ్మా, వైర్‌గార్డ్ పెట్టుకో. నా పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎలాగూ ఉంది" అన్నాడు. నువ్వొచ్చి పెట్టు అన్నాను. పరీక్షలున్నాయన్నాడు. అలా మొదలైంది నా చదువు.

ముందు అసలు వీపీఎన్ అంటే ఏమిటో నాకు నేను చెప్పుకోవాలి కదా. అమ్మ ఏటా ఆర్టీసీ పార్సిల్లో ఆవకాయ పంపిస్తుంది. జాడీకి గుడ్డ కట్టి, పెట్టెలో పెట్టి, పైన కుట్టేసి మా చిరునామా రాస్తుంది. తెనాలిలో ఒక పెట్టె ఎక్కిందని, హైదరాబాదులో దిగుతుందని, ఎంత బరువుందో పార్సిల్ ఆఫీసువాళ్ళకి తెలుస్తుంది. లోపల ఉన్నది ఆవకాయో మాగాయో తెలీదు. వీపీఎన్ చేసేది కూడా ఇదే. మనం పంపే ప్రతి ముక్కనీ రహస్య లిపిలోకి మార్చి, ఇంకో పెట్టెలో పెట్టి, రెండో కొసకి పంపుతుంది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత పోయిందో తెలుస్తుంది. ఏం పోయిందో తెలీదు.

ఈ పని చేసే పద్ధతులు పాతవి చాలా ఉన్నాయి. వైర్‌గార్డ్ వాటిలో చిన్నది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాశాడు. లైనక్స్‌ని పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ 2018లో దాన్ని చూసి, పాత పద్ధతులతో పోలిస్తే ఇదొక కళాఖండం అని మెచ్చుకున్నాడు. సుమారు 4 వేల వరుసల్లో అయిపోతుంది. పాతవాటికి అంతకి ఎన్నో రెట్లు కావాలి. 2020 మార్చి చివర, మనమంతా లాక్‌డౌన్‌లో తలుపులేసుకుని కూర్చున్నప్పుడు, 5.6 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లోనే అది భాగమైపోయింది. అందుకని లైనక్స్‌లో దీన్ని పెట్టుకోవడానికి నేను కొత్తగా ఎక్కించుకోవాల్సింది చిన్న పనిముట్ల సంచీ మాత్రమే. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వైర్‌గార్డ్ అని ఒక్క వరుస కొడితే వచ్చేసింది.

నల్లటి తెర మీద టైపు చేయడం అంటే మొదట్లో బెరుకుగానే ఉండేది. కానీ మా తెలుగు మాస్టారు సూత్రాలు బట్టీ పట్టించిన రోజులు గుర్తొచ్చాయి. సూత్రంలో ఒక్క అక్షరం తగ్గినా అర్థం మారిపోతుంది, ఇక్కడా అంతే. పాత లెక్కల నోటుబుక్ తీసి, ఎడమ పేజీలో ఆదేశం, కుడి పేజీలో తెలుగులో దాని భావం రాసుకున్నాను. ప్రతిపదార్థం రాసిన అలవాటు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇలా అక్కరకొచ్చింది.

వైర్‌గార్డ్‌లో పెద్దా చిన్నా లేదు. సర్వరు, క్లయింటు అని కాకుండా ఇరువైపుల యంత్రాలనీ పీర్ అంటారు. ఆ మాట వినగానే నాకు మా ఊరి పీర్ల పండగ కళ్ళముందు మెదిలింది. ఇక్కడ ఆ పీర్ కాదు, సాటివాడు అని అర్థం. ప్రతి సాటివాడికీ రెండు కీలుంటాయి. ఒకటి ప్రైవేట్ కీ, రెండోది పబ్లిక్ కీ. నేను మొదటిదాన్ని తాళంచెవి అని, రెండోదాన్ని తాళంకప్ప అని రాసుకున్నాను. కప్పని ఎవరికైనా ఇవ్వొచ్చు, దాంతో వాళ్ళు మన కోసం పెట్టె మూసి పంపగలరు. తెరిచే చెవి మాత్రం మన కొంగునే ఉండాలి.

డబ్ల్యూజీ జెన్‌కీ అని కొడితే చెవి పుడుతుంది. దాన్ని డబ్ల్యూజీ పబ్‌కీకి అందిస్తే దానికి సరిపడే కప్ప వస్తుంది. రెండూ 44 అక్షరాల గజిబిజి, చివర సమానం గుర్తు. చెవి నుంచి కప్పని చేయడం రెప్పపాటు పని. కప్పని చూసి చెవిని పట్టుకోవడం ఇప్పుడున్న కంప్యూటర్లకి కాని పని. దీని వెనక ఉన్న లెక్క పేరు కర్వ్ 25519. రెండుని 255 సార్లు హెచ్చవేసి, అందులోంచి 19 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య మీద కట్టారు కాబట్టి ఆ పేరు. లెక్కల్లో నాకు ఎప్పుడూ అత్తెసరు మార్కులే గానీ, ఆ పేరు వెనక కథ తెలిశాక ఎందుకో అది నాకు దగ్గరిదైపోయింది.

చెవి పుట్టించే ముందు యుమాస్క్ 077 అని కొట్టమన్నాడు మావాడు. అలా కొడితే తర్వాత పుట్టే ఫైళ్ళని వాటి యజమాని తప్ప ఆ కంప్యూటర్లో ఇంకెవరూ చదవలేరు. ఇంట్లో బీరువా తీసేటప్పుడు ముందు గది తలుపు వేసుకున్నట్టు.

ఇక అసలు నిర్మాణం. మా ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి దాన్ని ఒక కొసన పెట్టాను. మావాడి ల్యాప్‌టాప్‌ని అమ్మ ఇంట్లో రెండో కొసన పెట్టాలి. అమ్మ ల్యాప్‌టాప్ మా ఇంటి తలుపు తడుతుంది, మా కంప్యూటర్ తీస్తుంది. అన్నయ్య ఫోను కూడా మా ఇంటికే వచ్చి, ఇక్కడి నుంచి అమ్మ ఇంటికి వెళుతుంది. మధ్యలో ఎవరి అద్దె కంప్యూటరూ లేదు. అమ్మ పెట్టిన షరతు అదే కదా.

ఇక్కడ మొదటి అడ్డంకి. మా ఇంటికి బయటి నుంచి కనబడే చిరునామాయే లేదు! రూటర్ పేజీలో చూస్తే మా చిరునామా 100తో మొదలవుతోంది. బయట చూస్తే ఇంకేదో కనబడుతోంది. చిరునామాల కరువు వల్ల ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్ళని ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతాయి. ఆ ఇళ్ళ లోపలి వాడకానికి 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెల్ని 2012లోనే కేటాయించారు. వంద ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటుకి ఒకే గేటు ఉన్నట్టు. మనం బయటికి వెళ్ళొచ్చు, మనం తెప్పించుకున్న సామాను వస్తుంది. చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని ఏ ఫ్లాటుకి పంపాలో వాచ్‌మన్‌కి తెలీదు. రెండు రోజులు ఫోన్లు చేసి, నెలకి కొంచెం ఎక్కువ కట్టి, స్థిరమైన చిరునామా తీసుకున్నాను. "దానికి విడిగా డబ్బులా?" అన్నారు మావారు. మీరు మానేసిన జిమ్ముకి కట్టినంత కాదన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాత మా రూటర్లో ఒక్క కిటికీ తెరిచాను. యూడీపీ 51820. వైర్‌గార్డ్‌కి సాధారణంగా వాడే అంకె అది. కిటికీ తెరవడమంటే భయపడ్డారు మావారు. కానీ వైర్‌గార్డ్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఇక్కడే ఉంది. తెలిసిన కీతో రాని పలకరింపుకి అది అసలు జవాబే చెప్పదు. వీధిలో పోయేవాడు ఎంతసేపు తలుపు కొట్టినా ఇంట్లో ఎవరూ లేనట్టే ఉంటుంది.

రెండో అడ్డంకి వింతైనది. మా రూటరూ, అమ్మ రూటరూ రెండూ కొన్నప్పటి నుంచి ఇంటి లోపలికి 192.168.1 వరుస అంకెలే వాడుతున్నాయి. విడివిడిగా ఉన్నన్నాళ్ళూ ఎవరి గొడవ వాళ్ళదే. రెండిళ్ళనీ కలిపేసరికి, ఒకే డోర్ నంబరున్న రెండు వీధులు కలిసిపోయినట్టయింది. ఉత్తరం పక్కింటికి పోవాలో తెనాలి పోవాలో కంప్యూటర్‌కి తెలీదు. తెనాలి వెళ్ళినప్పుడు అమ్మ రూటర్‌ని 192.168.50 వరుసకి మార్చాను.

మిగిలింది ఫైలు రాయడం. ఒక్కో కొసన పదీ పన్నెండు వరుసలు, అంతే. పైన మన చెవి, దారిలో మన చిరునామా. మా కంప్యూటర్‌కి 10.8.0.1, అమ్మ ల్యాప్‌టాప్‌కి 10.8.0.2. కింద సాటివాడి కప్ప. దాని కింద ఎలవ్డ్ ఐపీస్ అని ఒక వరుస. అందరూ తికమకపడేది దాని దగ్గరే, ఎందుకంటే అది రెండు పనులు చేస్తుంది. ఈ చిరునామాలకి పోయేవన్నీ ఈ సాటివాడికే ఇవ్వు అని పంపేటప్పుడు చెబుతుంది. ఈ సాటివాడి నుంచి ఈ చిరునామాలతో వచ్చినవే తీసుకో అని వచ్చేటప్పుడు చెబుతుంది. నా నోటుబుక్కులో దీనికి శ్లేషాలంకారం అని రాసుకున్నాను. ఒకే మాట, రెండర్థాలు.

అమ్మ వైపు ఫైల్లో ఇంకో వరుస ఎక్కువ, పర్సిస్టెంట్ కీపలైవ్ 25. అమ్మ ఇల్లు ఇంకా ఆ ఉమ్మడి గేటు వెనకే ఉంది కాబట్టి, అక్కడి ల్యాప్‌టాప్ 25 సెకన్లకోసారి నేనున్నానంటూ ఒక చిన్న పలకరింపు పంపుతుంది. లేకపోతే మధ్యలోని యంత్రాలు దారి మరిచిపోతాయి. ఒకరి సామాను ఇంకొకరికి అందించే పనికి రెండు కంప్యూటర్లలోనూ ఐపీ ఫార్వర్డ్ అనేదాన్ని 1 చేశాను. కెమెరాకి, తనని అడుగుతున్నది పక్కనున్న ల్యాప్‌టాపే అనిపించేలా ఇంకో వరుస రాశాను. కరెంటు పోయొచ్చినా తనంతట తానే లేచేలా సిస్టమ్ సీటీఎల్‌తో ఒక ఆదేశం ఇచ్చాను. కెమెరా కొనేటప్పుడే, కంపెనీ ఖాతా లేకుండా ఇంట్లోంచి నేరుగా చూడగల రకం అడిగి తీసుకున్నాను. దానికి బయటి ఇంటర్నెట్ అందకుండా రూటర్లో కట్టేశాను.

సుడో డబ్ల్యూజీ షో అని కొడితే, లేటెస్ట్ హ్యాండ్‌షేక్, 7 సెకన్ల కిందట అని వచ్చింది. ఫోన్లో వీఎల్‌సీ తెరిచాను. అమ్మ హాలు, నాన్నగారి పడక్కుర్చీ, గోడ మీద క్యాలెండరు కనబడ్డాయి. ఆ పక్కనే నిలబడి ఉన్న అమ్మ, నా ఫోన్లోకి తొంగిచూసి, "పని అయిందా, అన్నం తిందాం పద" అంది.

దారైతే పడింది. అసలు చర్చ ఆ తర్వాత మొదలైంది. పడగ్గదిలోనూ, దొడ్డి వైపూ ఇంకో రెండు పెట్టమన్నాడు అన్నయ్య. పడింది దొడ్లో అయినప్పుడు హాల్లో కెమెరా ఎందుకన్నాడు. ఆ మాటా నిజమే. అమ్మ మాత్రం పడగ్గదిలో వద్దంది, నీళ్ళు పోసుకునే వైపు అసలే వద్దంది. దొడ్డి మెట్టుకి కమ్మీ పెట్టించమంది. పెట్టించాం. హాల్లో కెమెరాకి మాత్రం ఒప్పుకుంది, అదీ స్విచ్చి తన చేతికందేలా ఉంటేనే. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండు గంటలు ఆపేస్తుంది. ఎందుకని మేం అడగం.

మొదటి వారం ఆ చీకటి తెర చూసి అన్నయ్య కంగారుపడి అక్కడి అర్ధరాత్రి లేచి ఫోన్ చేశాడు. అప్పుడు వాడికి ఆ హ్యాండ్‌షేక్ వరుస సంగతి చెప్పాను. దారి నడుస్తున్నంతసేపూ రెండు కొసలూ సుమారు రెండు నిమిషాలకోసారి చేతులు కలుపుకుని కొత్త తాళాలు మార్చుకుంటాయి. ఆ సమయం నిమిషాల్లోనే ఉందంటే అమ్మ ఇంట్లో కరెంటుంది, నెట్టుంది, కెమెరాని ఆపింది అమ్మే. గంటలు దాటిందంటే అక్కడేదో ఆగిందని, ఫోన్ చేయాలని. అమ్మ కులాసాగా ఉందని అది చెప్పదు, దానికి ఫోన్ చేసి మాట్లాడాల్సిందే. ఇప్పుడు నేను రోజూ పొద్దున్న కాఫీ పెట్టుకుంటూ ఆ వరుస ఒకసారి చూస్తాను, తర్వాత అమ్మకి ఫోన్ చేస్తాను. కెమెరా తెరిచేది వారానికి ఒకటి రెండు సార్లే.

పక్కింటి వదినగారి రక్షరేకు మాట కూడా చెప్పాలి. డబ్బు కట్టి తీసుకునే వీపీఎన్ వేరు, ఇది వేరు. అక్కడ మన రాకపోకలన్నీ ఇంటర్నెట్ కంపెనీ కళ్ళ ముందు నుంచి తీసి ఇంకో కంపెనీ చేతిలో పెడతాం. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అలాంటి సేవలు అమ్మేవాళ్ళు చందాదారుల పేర్లూ చిరునామాల్లాంటి వివరాలు 5 ఏళ్ళ పాటు దాచి ఉంచాలి కూడా. అది తప్పో ఒప్పో అటుంచి, మాయమైపోతామని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ఏ వీపీఎన్నూ దొంగ లింకు నొక్కితే కాపాడదు, ఓటీపీ ఎవరికో చెప్పేస్తే ఆపలేదు. దారిలో ఎవరూ చూడకుండా చేస్తుంది. దారి చివర తలుపు దగ్గర ఎవరుండాలో మనమే చూసుకోవాలి.

ఆ సంగతి నాకు అన్నయ్యకి తాళం ఇచ్చేటప్పుడు తెలిసింది. నేనే ఇక్కడ చెవి తయారుచేసి ఫోన్లో పంపితే వాడికి సులువు. అలా పంపలేదు. నీ ఫోన్లోనే పుట్టించుకో, కప్ప మాత్రం నాకు పంపు అన్నాను. వాడి చెవి నా దగ్గర కూడా ఉండకూడదు. ఎవరి దారి మూసేయాలన్నా మా కంప్యూటర్ ఫైల్లో మూడు నాలుగు వరుసలు తీసేసి, దాన్ని ఒకసారి మళ్ళీ నడిపిస్తే చాలు. ఈ సౌకర్యం గురించి అమ్మకి చెబితే ఎంతో సంతోషించి, ఎవరెవరి దగ్గర ఉన్నాయో కాగితం మీద రాసివ్వమంది. రాసిచ్చాను. నేను, అన్నయ్య, అమ్మ ఫోను, మూడే. ఆ కాగితం దేవుడి గదిలో కరెంటు బిల్లులతో పాటు క్లిప్పు పెట్టి ఉంచింది.

మొన్న అన్నయ్య ఫోన్ చేసి, వాళ్ళబ్బాయి నానమ్మని చూస్తానంటున్నాడు, ఇంకో తాళం ఇవ్వమన్నాడు. మేనల్లుడే, ఇవ్వడానికి నాకు రెండు నిమిషాలు పట్టదు. అయినా అమ్మనడగమన్నాను. అడిగాడట. "వాణ్ణి ముందు నాకు ఫోన్ చేసి మాట్లాడమను, తర్వాత చూద్దాం" అందట. మనవడు ఆదివారం ముక్కలు ముక్కలు తెలుగులో అరగంట మాట్లాడాడు. కాగితం మీద నాలుగో పేరు రాసుకోవాలా వద్దా అని అమ్మ ఇంకా ఆలోచిస్తోంది.